ప్రశ్న రాసే కలం ఎవరి చేతిలో ఉంది?

చట్టసభల సభ్యులకు ఒక ఓటరు రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన సభ్యులకు,

నమస్కారం. మీరు ఏ దేశపు సభలో కూర్చున్నారో, ఏ పార్టీవారో నాకు అనవసరం. అందరికీ కలిపే రాస్తున్నాను. ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే వాదన నడుస్తోంది. "మధ్యలో ప్రతినిధులెందుకు? అన్నీ మేమే తేల్చుకుంటాం, నేరుగా మా ఓటుకే పెట్టండి" అని ఒక వర్గం అంటోంది. "మమ్మల్ని ఎన్నుకున్నారు కదా, మళ్లీ ఎన్నికలు వచ్చేదాకా మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి" అని మీలో ఎక్కువమంది అంటున్నారు. చాలా ఏళ్లు నేను మొదటి వర్గంలో ఉన్నాను. ఇప్పుడు లేను. అలాగని మీ పక్షానికి వచ్చేశానని సంబరపడకండి.

నా మనసు మార్చింది ఒక చిన్న సమావేశం. నేను సభ్యుడిగా ఉన్న ఒక సంఘంలో భవనం మరమ్మతుల కోసం సర్వసభ్య సమావేశం పెట్టారు. నలభై మందికి పైగా వచ్చాం. కార్యదర్శి లేచి, "మన భవనం సురక్షితంగా ఉండేలా మరమ్మతు చేయించాలనుకునేవారు చేతులెత్తండి" అన్నారు. భవనం కూలిపోవాలని ఎవరు కోరుకుంటారు? అందరి చేతులూ లేచాయి. పని ఎవరికి ఇవ్వాలి, ఎంత ఖర్చు, ఎవరి వాటా ఎంత, ఏ అంతస్తు ముందు, ఇవేవీ ఆ వాక్యంలో లేవు. రెండు నెలల తర్వాత లెక్కలు వచ్చాయి, వాటితో పాటు గొడవా వచ్చింది. ఎవరు నోరెత్తినా కార్యదర్శి మినిట్స్ పుస్తకం తెరిచి చూపించేవారు. "ఏకగ్రీవ తీర్మానం. మీ చేయి కూడా లేచింది." నిజమే, లేచింది. ఓటు వేసింది నలభై మందిమి. నిర్ణయం మాత్రం ఆ వాక్యం రాసిన ఒక్కరిదే.

అప్పటి నుంచి ఏ దేశంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగిందని చదివినా, ఫలితం కంటే ముందు ప్రశ్న రాసిందెవరో వెతకడం అలవాటైంది. ఆ అలవాటు నన్ను ఎక్కడికి తీసుకువెళ్లిందో చెప్పడానికే ఈ లేఖ.

ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్‌తో మొదలుపెడతాను. ప్రత్యక్ష ప్రజాస్వామ్యం అనగానే అందరి నోటా వచ్చే పేరు అదే కదా. స్త్రీలకు, బానిసలకు, బయటి నుంచి వచ్చి స్థిరపడినవారికి అక్కడ ఓటు లేదు. కాబట్టి "ప్రజలంతా" అన్న మాటను బాగా తగ్గించుకునే చదవాలి. ఓటున్న పౌరులు ప్నిక్స్ గుట్ట మీద గుమిగూడి యుద్ధమైనా సంధి అయినా చేతులెత్తి తేల్చేవారు. కొన్ని నిర్ణయాలకైతే 6,000 మంది ఉండి తీరాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అంతగా చెప్పుకోని సంగతి మరొకటుంది. ఆ గుట్ట మీదికి ఏ విషయం రావాలో ముందుగా చూసి పెట్టేది 500 మంది మండలి. పది తెగల నుంచి తెగకు యాభై మంది చొప్పున, చీట్లు తీసి ఎంపిక చేసిన మండలి. ఏడాది తిరిగేసరికి అందరూ మారిపోతారు. ఒక మనిషి జీవితంలో రెండుసార్లకు మించి అందులో కూర్చోవడానికి లేదు. ఏ నాయకుడూ ప్రశ్న రాసే కలాన్ని తన జేబులో పెట్టుకుని తిరగకుండా వాళ్లు కట్టుకున్న ఏర్పాటు అది.

అయినా నాయకులు ఊరుకుంటారా? ప్రమాదకరం అనిపించిన ఒక మనిషిని పదేళ్లపాటు నగరం నుంచి వెళ్లగొట్టే ఓటు ఒకటి ఏథెన్స్‌లో ఉండేది. కుండపెంకు మీద ఆ మనిషి పేరు గీసి వేయాలి. నగరం నడుమ ఉన్న అక్రోపోలిస్ కొండ ఉత్తరపు వాలులో ఒక పాత బావిని తవ్వితే, థెమిస్టోక్లిస్ అనే నాయకుడి పేరు గీసిన పెంకులు 190 దాకా ఒకేచోట దొరికాయి. రాత పోల్చి చూస్తే, అన్నీ కలిపి పద్నాలుగు చేతులవే. వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టడానికి ఎవరో ముందే రాయించి సిద్ధం చేసుకున్న ఓట్లని పరిశోధకుల అంచనా. పంచకుండా మిగిలిపోయాయి గనుక ఇవి మనకు దొరికాయి. పంచినవెన్నో ఆ బావికే తెలియాలి.

ఆ గుట్ట మీద జరిగినవాటిలో నేను తరచూ తలచుకునేది క్రీ.పూ. 427 నాటి ఘటన. లెస్బోస్ ద్వీపంలోని మిటిలీని నగరం ఏథెన్స్ మీద తిరగబడి, చివరికి లొంగిపోయింది. కోపంతో ఊగిపోతున్న సభ, ఆ నగరంలో ఎదిగిన మగవాళ్లందరినీ చంపాలని, స్త్రీలను, పిల్లలను బానిసలు చేయాలని ఓటు వేసింది. ఆ ఆజ్ఞతో ఓడ బయలుదేరింది. తెల్లవారేసరికి కోపం దిగింది. ఏం చేశామో తలచుకుని జనానికి గుండె జారింది. సభ మళ్లీ కూడింది. నిన్నటి నిర్ణయాన్ని మార్చడానికి వీల్లేదని క్లియోన్ అనే నాయకుడు గర్జించాడు. డయోడోటస్ అనే ఆయన లేచి, జాలి సంగతి పక్కన పెట్టండి, ఇంతమందిని చంపితే ఏథెన్స్‌కు ఒరిగేదేమిటని లెక్క అడిగాడు. చేతులు దాదాపు సమానంగా లేచాయి. డయోడోటస్ మాట కొద్దిలో నెగ్గింది.

అప్పటికి మొదటి ఓడ వెళ్లి ఒక పగలు, ఒక రాత్రి గడిచాయి. వెనకాలే రెండో ఓడను పంపారు. తెడ్డు వేసేవాళ్లు వైన్, నూనె కలిపి పిసికిన బార్లీ పిండిని తెడ్డు ఆపకుండానే తిన్నారు. వంతులవారీగా కునుకు తీశారు. అదృష్టం కొద్దీ ఎదురుగాలి లేదు. ముందు వెళ్లిన ఓడవాళ్లకేమో ఆ పాపిష్టి పని మీద తొందరగా చేరాలని లేదు. అక్కడి సేనాని ఆజ్ఞ చదువుకుని, అమలు చేయబోతుండగా రెండో ఓడ రేవులోకి వచ్చింది. తిరుగుబాటు నడిపినవారిని తర్వాత చంపనే చంపారు, అది దాచను. కాని నగరం మిగిలింది.

ఈ కథ చెప్పి "చూశారా, గుంపు ఎంత క్రూరమో" అని మీలో కొందరు తేల్చేస్తారు. నాకు ఇందులో కనిపించేది మర్నాడు మళ్లీ కూడే హక్కు. అది లేకపోతే రెండో ఓడ లేదు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 406లో, అదే సభ ఆర్గినుసే దగ్గర యుద్ధం గెలిచిన సేనానుల మీద విరుచుకుపడింది. తుఫానులో మునిగిపోతున్న సొంత నావికులను కాపాడలేదన్నది నేరం. ఒక్కొక్కరినీ విడిగా విచారించాలన్నవాళ్లను అరిచి కూర్చోబెట్టి, అందరికీ కలిపి ఒకే ఓటుతో మరణశిక్ష వేసి, చేతికి చిక్కిన ఆరుగురినీ చంపారు. ఆ రోజు సభను నడిపే వర్గంలో ఉన్న సోక్రటీస్ ఒప్పుకోలేదు. ఆయన మాట ఎవరూ వినలేదు. జనం తర్వాత పశ్చాత్తాపపడ్డారు, అప్పటికే ఆలస్యమైంది. క్రీ.పూ. 403లో ప్రజాస్వామ్యం మళ్లీ నిలదొక్కుకున్నాక ఏథెన్స్ తన పద్ధతి మార్చుకుంది. శాశ్వతంగా ఉండే చట్టాల పనిని సభ నుంచి తప్పించి, ప్రమాణం చేసిన పౌరుల మండళ్లకు అప్పగించింది. ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి పగ్గం వేసుకున్నది దాన్ని రోజూ నడిపినవాళ్లే.

ఇక మీ సంగతికి వస్తాను. "మేము చర్చిస్తాం, పరిశీలిస్తాం, సవరిస్తాం, ఓటరుకు అంత తీరిక ఎక్కడిది?" అన్నది మీ ప్రధాన వాదన. బాగానే ఉంది. 1774లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఓటర్ల ముందు, వాళ్ల పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ చెప్పిందీ ఇదే. ప్రతినిధి తన శ్రమతో పాటు తన వివేచననూ ఓటర్లకు బాకీ ఉంటాడని, వాళ్ల అభిప్రాయం కోసం ఆ వివేచనను వదులుకుంటే వాళ్లకే ద్రోహం చేసినట్టని ఆయన అన్నాడు. అన్నట్టే నడిచాడు. 1780లో గెలిచే ఆశ లేక అదే బ్రిస్టల్‌లో పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది. బర్క్ మాట మీ ఉపన్యాసాల్లో ఎన్నోసార్లు విన్నాను. ఆయన సీటు పోయిన సంగతి ఒక్కసారీ వినలేదు. పార్టీ విప్‌ను కాదని సొంత వివేచనతో మీరు ఓటు వేసింది ఈ సభాకాలంలో ఎన్నిసార్లు? స్థాయీ సంఘం ముఖం చూడకుండా, చదువుకోవడానికి ఒక రాత్రయినా ఇవ్వకుండా, మూజువాణి ఓటుతో నిమిషాల్లో గట్టెక్కిన బిల్లులు ఎన్ని? చర్చే మీ గొప్ప అయినప్పుడు, చర్చ లేని సభ ఆ గుట్ట మీది గుంపు కంటే ఎందులో మెరుగు? ఆ గుంపుకు కనీసం తెల్లవారేసరికి సిగ్గేసింది.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఈ కోపం ఇవాళ్టిది కాదు, ఇది చట్టాలనే మార్చింది. కాలిఫోర్నియాలో 1911లో చట్టం ప్రతిపాదించే హక్కు, సభ చేసిన చట్టాన్ని ఆపే హక్కు, ఎన్నికైనవాణ్ని గడువు తీరకముందే దించే హక్కు, మూడూ ఒకేసారి ఓటర్ల చేతికి వచ్చాయి. రాష్ట్ర రాజకీయమంతా సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ కనుసన్నల్లో నడుస్తోందని జనం విసిగిపోయారు. ఆ విసుగు మీదే హైరం జాన్సన్ గవర్నరయ్యాడు, ఆ హక్కులు తెచ్చాడు. ప్రత్యక్ష ప్రజాస్వామ్యం కావాలన్న కోరిక పుట్టేది మీ వైఫల్యంలోంచే అని నేను అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఆ తర్వాతి కథ మాత్రం, అన్నీ నేరుగా ఓటుకే పెట్టాలనే నా పాత మిత్రులకు రుచించదు. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు 13వ ప్రతిపాదనను దాదాపు మూడింట రెండు వంతుల మెజారిటీతో గెలిపించారు. ధరలు మండిపోయి ఇంటి పన్నులు ఏటా ఎగబాకుతుంటే రాష్ట్ర సభ తేల్చకుండా నాన్చుతూ కూర్చుంది. జనానికి కోపం రావడం న్యాయమే. కాని ఆ ప్రతిపాదన ఏం చేసింది? పన్నును విలువలో ఒక శాతానికి కట్టేసింది. ఆ విలువ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగకూడదు, ఇల్లు చేతులు మారినప్పుడే అసలు ధరకు లెక్క కట్టాలి. ఫలితంగా పక్కపక్కనే ఒకేలాంటి రెండు ఇళ్లుంటే, ఎప్పుడో కొన్నవాడు కట్టే పన్నుకు, నిన్న కొన్నవాడు కట్టే పన్నుకు పొంతన ఉండదు. పైగా రాష్ట్రం కొత్త పన్ను వేయాలంటే సభలో మూడింట రెండు వంతులు కావాలని కూడా అందులోనే రాశారు. ఒక్క రోజు ఓటు, తర్వాతి సభలన్నిటి చేతులూ కట్టేసింది. 2020లో 22వ ప్రతిపాదన వచ్చింది. యాప్‌ల ద్వారా బండి నడిపేవారిని ఉద్యోగులుగా పరిగణించనక్కర్లేదన్నది దాని సారం. దాన్ని గెలిపించడానికి ఆ వ్యాపారంలోని కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా పోశాయి. తర్వాత సభ దాన్ని సవరించాలంటే ఎనిమిదింట ఏడు వంతుల మెజారిటీ కావాలన్న షరతు కూడా ఆ ప్రతిపాదన పాఠంలోనే ఉంది. రైలు కంపెనీ పెత్తనాన్ని తెంచడానికి చేసిన కత్తి వేరే కంపెనీల చేతికి వెళ్లింది. సంతకానికి ఇంత అని కూలి ఇచ్చి మనుషులను పెట్టుకోగలిగినవాడికి, లక్షల సంతకాలు సేకరించడం కేవలం ఖర్చు లెక్క.

ఇంతవరకు చెప్పింది కింది నుంచి వచ్చే ప్రశ్న గురించి. పై నుంచి వచ్చే ప్రశ్న ఇంకా ప్రమాదం. మీరు జాగ్రత్తగా వినాలని నేను కోరేది ఈ భాగమే.

1799 చివర్లో ఫ్రాన్స్‌లో నెపోలియన్ కొత్త రాజ్యాంగం తయారు చేయించి, ప్రజలు ఒప్పుకుంటారా అని అడిగాడు. రహస్య బ్యాలెట్ లేదు. పుస్తకంలో పేరు రాసి అవునో కాదో అందరి ఎదుటా తెలపాలి. ఫలితం రాకముందే ఆ రాజ్యాంగం అమల్లోకి వచ్చేసింది. 1800లో ప్రకటించిన లెక్క, అవును అన్నవారు 30,11,007, కాదన్నవారు 1,562. ఆ పెద్ద అంకెను హోంమంత్రిగా ఉన్న తమ్ముడు లూసియన్ ఉబ్బించాడని తర్వాత చరిత్రకారులు తేల్చారు. 1938 ఏప్రిల్ 10న జర్మనీ, ఆస్ట్రియాల్లో జరిగిన ఓటు బ్యాలెట్ పత్రం ఎప్పుడైనా చూశారా? మధ్యలో పెద్ద వలయం, దాని మీద "అవును". పక్కగా చిన్న వలయం, దాని మీద "కాదు". ప్రశ్న చూస్తే, ఆస్ట్రియా విలీనానికి ఒప్పుకుంటారా, మన నాయకుడు అడాల్ఫ్ హిట్లర్ (పార్లమెంటు అభ్యర్థుల) జాబితాకు ఓటు వేస్తారా అని రెండు సంగతులు ఒకే వాక్యంలో. వేయగలిగింది ఒకే గుర్తు. ఒకటి ఒప్పుకుని రెండోది కాదనే దారి ఆ కాగితం మీదే లేదు. విలీనం అప్పటికే నాలుగు వారాల కిందట జరిగిపోయింది. 99 శాతానికి పైగా "అవును" వచ్చిందని ప్రకటించారు. 1949లో పశ్చిమ జర్మనీ రాజ్యాంగం రాసుకున్నవాళ్లు, భూభాగాల హద్దులు మార్చే సందర్భం వంటివి తప్ప, జాతీయ స్థాయి ప్రజాభిప్రాయ సేకరణకు అందులో చోటివ్వలేదు.

పాలకుడు పిలిచిన ఓటులో పాలకుడే ఓడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1988లో చిలీలో సైనిక నియంత పినోచెట్ ఓడాడు. 1969లో సెనేట్ సంస్కరణల మీద ఓటు ఓడి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ మర్నాడే గద్దె దిగాడు. సంతోషమే. అయినా గమనించండి, డిగాల్ అడిగింది సెనేట్ గురించి, చాలామంది జవాబు చెప్పింది డిగాల్ గురించి. పాలకుడు పిలిచినప్పుడు ఏ ప్రశ్న అయినా "నేను ఉండాలా, వద్దా" అన్న ప్రశ్నగా మారిపోతుంది.

నియంతలతో మమ్మల్ని పోలుస్తారా అని మీకు కోపం రావచ్చు. సరే, నియంతలు లేని చోటుకే వెళదాం. 2016 జూన్ 23న బ్రిటన్‌లో ఐరోపా సమాఖ్యలో ఉండాలా, బయటికి రావాలా అని అడిగారు. రావాలన్నవారు 51.9 శాతం. ప్రశ్నలో పక్షపాతం లేదు, పదాలను ఎన్నికల సంఘం సరిచూసింది కూడా. లోటు వేరేచోట ఉంది. "ఉండటం" అంటే ఏమిటో అందరికీ తెలుసు. "రావడం" అంటే ఏమిటో ఏ కాగితం మీదా లేదు. ఉమ్మడి మార్కెట్‌లో ఉంటూ రావడమా, సుంకాల ఒప్పందం ఉంచుకుని రావడమా, అన్నీ తెంచుకుని రావడమా? ఒక్కో ఓటరు మనసులో ఒక్కో బొమ్మ. ఆ బొమ్మలన్నిటినీ ఒకే డబ్బాలో వేసి లెక్కపెట్టారు. 2019 మార్చి 27న పార్లమెంటు దిగువ సభ ఎనిమిది దారులను ఒకేసారి ఓటుకు పెట్టుకుంటే, ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. మా సంఘం భవనం మరమ్మతు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వాగిపోయింది.

ప్రశ్న ఎవరిని అడగాలన్నదీ కలం ఉన్నవాడే రాస్తాడు. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం మీద గ్రామసభల మాట వినాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏయే గ్రామాలను అడగాలో ప్రభుత్వమే ఎంచింది, పన్నెండింటిని. కొండల్లోని గ్రామాలు అంతకంటే చాలా ఎక్కువ. పన్నెండూ వద్దన్నాయి గనుక ఆ ఎంపిక మీద రభస సద్దుమణిగింది.

ఇన్ని చెప్పాక స్విట్జర్లాండ్ సంగతి ఎత్తకపోతే నా పాత మిత్రులు ఊరుకోరు. ఎత్తుతాను. అక్కడి అందమైన బొమ్మల్లో కనిపించే, చౌకులో నిలబడి చేతులెత్తే సభలు ఇప్పుడు గ్లారస్, అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే రెండు కాంటన్లలోనే (మన రాష్ట్రాల వంటివి) మిగిలాయి. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్‌లో మగవాళ్లకు నడుముకు వేలాడే కత్తి కూడా ఓటరు గుర్తింపే. ఆ కత్తులవాళ్లు 1990 ఏప్రిల్‌లో కూడా స్త్రీలకు కాంటన్ వ్యవహారాల్లో ఓటు వద్దన్నారు. అదే ఏడాది నవంబరులో దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆదేశిస్తే తప్ప హక్కు రాలేదు. దేశం మొత్తం మీద చూసినా 1959లో మగ ఓటర్లు స్త్రీల ఓటు హక్కును తోసిపుచ్చారు, 1971లో గాని ఒప్పుకోలేదు. పౌరులే ప్రతిపాదన పెట్టే హక్కు 1891లో వచ్చింది. 1893లో నెగ్గిన మొట్టమొదటి ప్రతిపాదన, స్పృహ తప్పించకుండా పశువును వధించడాన్ని నిషేధించింది. జంతువుల మీద జాలి పేరుతో వచ్చినా, దెబ్బ తగిలింది యూదుల ఆచారానికి. 2009లో మసీదు మినార్ల నిషేధం 57.5 శాతంతో నెగ్గింది. అల్పసంఖ్యాకుల హక్కును అధికసంఖ్యాకుల చేతులెత్తుడుకు వదిలేస్తే ఏమవుతుందో చూడటానికి స్విట్జర్లాండ్‌ను మించిన చోటు వెతకనక్కర్లేదు.

అక్కడ నాకు నచ్చింది వేరే మూల ఉంది, దాని మీద ఎవరూ పాటలు కట్టరు. 1874 నుంచి ఉన్న హక్కు అది. దేశపు పార్లమెంటు ఒక చట్టం చేశాక, వంద రోజుల్లో 50,000 మంది సంతకాలు పెడితే ఆ చట్టం ఓటుకు వెళ్లి తీరాలి. ఓడితే చట్టం లేదు. ఇందులో ఎన్ని సుగుణాలున్నాయో చూడండి. ఓటుకు పిలిచేది ప్రభుత్వం కాదు, కాబట్టి ముహూర్తం దాని చేతిలో లేదు. ప్రశ్న రాసే పనే ఎవరికీ లేదు, ఎందుకంటే ప్రశ్న ఆ చట్టమే, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. "బయటికి రావడం అంటే ఏమిటి" అన్న గందరగోళానికి తావులేదు. మీరు చర్చించి, సవరించి తెచ్చిన పాఠమే అక్కడ ఉంటుంది గనుక మీ పనీ వృథా కాదు. ఓటరు ఇంటికి ముందుగానే ఒక చిన్న పుస్తకం వస్తుంది. అందులో చట్టం పాఠం, ప్రభుత్వం వాదన, దాన్ని ఎదిరించేవారి వాదన ఉంటాయి.

నిజానికి ఈ హక్కు ఎక్కువగా పని చేసేది ఓటు జరగనప్పుడే. రేపు 50,000 సంతకాలు తేగల సంఘం ఏదో ముసాయిదా రాసేవారికి ముందే తెలుసు. అందుకే బిల్లు సభకు రాకముందే కాంటన్లను, పార్టీలను, సంఘాలను పిలిచి మాట్లాడుకుంటారు. బండి నడిపేది మీరే. పక్కన కూర్చున్నవాడి కాలి కింద కూడా ఒక బ్రేకు ఉందన్న ఎరుక చాలు, మలుపుల దగ్గర వేగం తగ్గుతుంది.

ఆ బ్రేకుకూ కాపలా కావాలి. 2016 ఫిబ్రవరిలో దంపతుల పన్ను మీద అక్కడ ఒక ప్రతిపాదన 50.8 శాతం వ్యతిరేకతతో ఓడింది. ప్రస్తుత పద్ధతి వల్ల నష్టపోతున్న, ఇద్దరూ సంపాదించే జంటలు 80,000 అని ఆ చిన్న పుస్తకంలో ప్రభుత్వం రాసింది. అసలు సంఖ్య 4,54,000 అని తర్వాత తేలింది. 2019 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆ ఓటునే రద్దు చేసింది. దేశస్థాయి ఓటు అలా రద్దు కావడం అదే మొదటిసారి. తప్పు అంకెతో అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు జవాబే కాదని చెప్పగల న్యాయస్థానం మీ దగ్గర ఉందా?

ఐర్లాండ్ గురించి కూడా నాలుగు మాటలు. అక్కడ రాజ్యాంగంలో అక్షరం మార్చాలన్నా ఓటు తప్పనిసరి, ప్రభుత్వానికి ఇష్టమైనప్పుడు పిలిచే వేడుక కాదు. గర్భస్రావం మీద 1983 నుంచి రాజ్యాంగంలో ఉన్న నిషేధం సంగతి తేల్చమని 2016లో 99 మంది సాధారణ పౌరులను లాటరీ తరహాలో ఎంపిక చేసి, ఒక న్యాయమూర్తి అధ్యక్షతన కూర్చోబెట్టారు. వాళ్లు వారాంతాల్లో వచ్చి వైద్యుల మాట, న్యాయవాదుల మాట, రెండు పక్షాల వారి మాట విన్నారు. ప్రశ్నలు వేశారు. సిఫార్సు రాసి ఇళ్లకు వెళ్లిపోయారు. మళ్లీ ఎన్నిక కావాల్సిన అవసరం వాళ్లలో ఎవరికీ లేదు. నిషేధం తీసేస్తే ఎలాంటి చట్టం తెస్తామో ఆ ముసాయిదాను ప్రభుత్వం ఓటుకు ముందే బయటపెట్టింది. 2018 మే 25న 66.4 శాతం మంది అవునన్నారు. ఏళ్ల తరబడి మీలాంటివారు నిప్పులా చూసి దూరం జరిగిన విషయం అది. ఏథెన్స్‌వాళ్ల 500 మంది చీట్ల మండలి ఇన్ని శతాబ్దాల తర్వాత మళ్లీ తలుపు తట్టిందనిపించింది నాకు.

"ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా, రోజూ ఓటు వేయవచ్చు" అనే కుర్రవాళ్లకు ఒక్క మాట. ఓట్లు లెక్కపెట్టడం ఎన్నడూ అసలు కష్టం కాదు. మిటిలీని విషయంలో కష్టమైంది రాత్రి గడవడం. మొదటి రోజు కోపాన్ని క్షణంలో లెక్కించి, క్షణంలో అమలు చేసే యంత్రం ఉండి ఉంటే ఆ నగరం ఉండేది కాదు.

ఇక మిమ్మల్ని అడిగేది. ప్రజాభిప్రాయ సేకరణకు పిలుపునిచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంటే, దాన్ని వదులుకోండి. రాజ్యాంగమే తప్పనిసరి చేసిన చోట సరే, మిగతా ఎక్కడా మీకు నచ్చిన రోజున మీకు నచ్చిన ప్రశ్న అడిగే హక్కు మీకు ఉండకూడదు. అలాగే మీరు చేసిన చట్టాన్ని నిలబెట్టి ఆపే హక్కు మాకివ్వండి. వంద రోజులు కాకపోతే నూట ఇరవై రోజులు పెట్టుకోండి, సంతకాల సంఖ్య మీ జనాభాను బట్టి తేల్చుకోండి, సంతకానికి ఇంత అని కూలి ఇవ్వడాన్ని మాత్రం నిషేధించండి. ఏ వర్గపు ప్రాథమిక హక్కునూ ఓటుకు పెట్టడానికి వీల్లేదని, ఆ సంగతి న్యాయస్థానం ముందే చూడాలని రాయండి. పౌరులే కొత్త చట్టం ప్రతిపాదించడం గురించి నేనింకా తర్జనభర్జనలోనే ఉన్నాను, కాలిఫోర్నియా నన్ను భయపెట్టింది. ఇవ్వాలనుకుంటే, ఆ ప్రతిపాదన పాఠం ముందు లాటరీలో ఎంపికైన పౌరుల మండలి చేతుల మీదుగా రావాలి. తర్వాతి సభలను ఎనిమిదింట ఏడు వంతులతో కట్టేసే షరతులు అందులో ఉండకూడదు. ఓటు జరిగాక కొన్నేళ్లకు జనం మళ్లీ అదే సంగతి అడిగితే, "ఒకసారి చెప్పారుగా" అని మినిట్స్ పుస్తకం తెరిచి చూపించకండి.

ఇందులో మీకు నష్టమేమిటో నాకు తెలుసు. రాత్రికి రాత్రి బిల్లు గట్టెక్కించే సుఖం పోతుంది. ఇరకాటంలో పడ్డప్పుడు "ప్రజలనే అడుగుదాం" అని చేతులు దులుపుకునే దారీ మూసుకుపోతుంది. నా పాత మిత్రులకూ ఇది నచ్చదు, వాళ్లడిగిన పెత్తనంలో నేను వాళ్లకిస్తున్నది బ్రేకు ఒక్కటే.

మీ దేశంలో ప్రజాభిప్రాయ సేకరణ చట్టం ఉంటే ఈ వారం ఒకసారి తీసి చూడండి. ఓటుకు పిలిచేది ఎవరు, ప్రశ్న పదాలు ఖరారు చేసేది ఎవరు అన్న రెండు సెక్షన్లు చదివితే చాలు. అక్కడ ప్రభుత్వం అన్న మాట కనిపిస్తే, దాన్ని కొట్టేసి ఏం రాయాలనుకుంటున్నారో నాకు జవాబు రాయండి. సవరణ ముసాయిదా జతచేస్తే మరీ మంచిది. ఈసారి పూర్తిగా చదివాకే చేయెత్తుతాను.

ఇట్లు,
ఒక ఓటరు